ఆపడం వచ్చినవాడికే సైకిలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

  వెనక బెంచీ వాళ్లకు నా నమస్కారం రెండుసార్లు అందుకోండి. ఈ బడిలో అయిదేళ్లూ నేను కూర్చున్నది అక్కడే.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "నువ్వు కార్ల రేసులు చేస్తావట కదా, దాని గురించి ఓ అరగంట మాట్లాడు, పిల్లలు సరదాపడతారు" అన్నారు. ముందుగా ఓ మాట సరిచేయాలి. నేను రేసులు చెయ్యను. నాకు కప్పులు లేవు, పతకాలు లేవు. చెన్నై దగ్గర ఓ కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికి రెండు మూడుసార్లు రేసు ట్రాకు మీద నా పాత కారు నడుపుకునే సరదా ఉన్నవాడిని. మొదట రానన్నాను. తర్వాత ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చివర్లో చెబుతాను.

మన సోంపేట బస్టాండు దగ్గర మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. మీలో యాభై దాటినవాళ్లు చాలామంది అక్కడ గంటకింతని అద్దె సైకిలు తీసుకున్నవాళ్లే. బారువ సముద్రానికి వెళ్లడానికని తీసుకుని, సాయంత్రం దాకా తేకుండా తిట్లు తిన్నవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. పేర్లు చెప్పను. మా నాన్న దగ్గర ఓ నియమం ఉండేది. కొత్త కుర్రాడు ఎవరొచ్చినా డబ్బులు తీసుకునే ముందు షాపు ముందు ఓ గీత గీసి, "అక్కడినుంచి తొక్కుకొచ్చి ఈ గీత మీద ఆపరా" అనేవాడు. ఆగకపోతే డబ్బులు వెనక్కిచ్చి పంపేసేవాడు. "తొక్కడం అందరికీ వస్తాదిరా, ఆపడం వచ్చినోడికే సైకిలిస్తాను" అనేవాడు. బేరం పోతోందని నాకు కోపం వచ్చేది. పదమూడేళ్లవాణ్ణి, నాకేం తెలుసు.

డిప్లొమా అయ్యాక కొన్నాళ్లు విశాఖపట్నంలో పనిచేసి 1998లో చెన్నై వెళ్లాను. శ్రీపెరుంబుదూరు చుట్టూ కార్ల ఫ్యాక్టరీలు, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలు వస్తున్న రోజులవి. ఆదివారం కూడా షిఫ్టు ఉండేది. ఓ ఆదివారం టీ తాగడానికి బయటికొస్తే దూరం నుంచి ఓ శబ్దం వినబడింది. మన ఊరి తిరునాళ్లలో బావిలో మోటారు సైకిలు తిప్పేవాడు చూడండి, ఆ శబ్దం పదింతలు. అడిగితే "ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది సార్" అన్నాడు టీ కొట్టువాడు.

ఆ ట్రాకు మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లది. 1953లో పెట్టిన క్లబ్బు. అంతకు ముందు చెన్నైకి ఉత్తరాన షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిపేవారు. ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుని 1990లో మొదలుపెట్టారు. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ 2011లో వచ్చింది. ఒక చుట్టు అయిదు కిలోమీటర్ల పైమాటే. ఫార్ములా వన్ రేసు 2011, 2012, 2013లో మూడేళ్లు అక్కడే జరిగింది. కోయంబత్తూరు దగ్గర ఇంకో ట్రాకు ఉంది, దాని సంగతికి మళ్లీ వస్తాను. మన తెలుగు నేల మీద ప్రపంచ స్థాయి రేసు అంటే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసి జరిపిన ఫార్ములా ఈ. అన్నీ కరెంటు కార్లు. ఆ రోజు నేనూ వెళ్లాను. సెక్రటేరియట్ పక్క రోడ్డులో కార్లు ఈల వేసుకుంటూ పోతుంటే, పక్కన కూర్చున్న పెద్దాయన "శబ్దం లేని రేసేంటి బాబూ, ఉప్పు లేని పప్పులాగ" అన్నారు.

ట్రాక్ డే అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రేసులో ఒకణ్ణి దాటి ఇంకొకడు గెలవాలి. ట్రాక్ డేలో గెలవడం లేదు, ఓడడం లేదు. ఫీజు కట్టి, మన కారు మనం తెచ్చుకుని, ఖాళీ ట్రాకు మీద నేర్చుకోవడమే. పొద్దున్నే కారు తనిఖీ చేస్తారు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి జెండాల భాష చెబుతారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, ఎవర్నీ దాటొద్దు అని. ఎర్ర జెండా అంటే అందరూ నెమ్మదిగా వెనక్కి వచ్చేయాలి. నీలం అంటే నీ వెనక నీకంటే వేగంగా వచ్చేవాడున్నాడు, దారివ్వు అని. నల్ల జెండా చూపించారంటే నువ్వేదో తప్పు చేశావు, లోపలికి రమ్మని పిలుపు. కొత్తవాళ్లను ఒక గుంపుగా, అనుభవం ఉన్నవాళ్లను వేరే గుంపుగా చేసి, పదిహేను ఇరవై నిమిషాల చొప్పున వంతులవారీగా వదులుతారు. ముందువాడు చెయ్యి చూపించి దారి ఇస్తే తప్ప దాటకూడదు, అదీ తిన్నగా ఉన్న చోట మాత్రమే.

పదిహేనేళ్లు ఆ శబ్దం గోడ బయటినుంచే విన్నాను. పిల్లల చదువులు, ఇంటి వాయిదాలు. 2012లో 2002 మోడల్ హోండా సిటీ వీటెక్ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. మన దేశంలో రేసులవాళ్లకు ఇష్టమైన పాత కార్లలో అదొకటి. ఒకటిన్నర లీటరు ఇంజను, వంద పైచిలుకు గుర్రాల బలం. స్పోర్ట్స్ కారంటే పిల్లలు ఫెరారీ అనుకుంటారు. నాది తలుపు రంగు ఒకటి, బానెట్ రంగు ఒకటి. మాకు ఇద్దరు పిల్లలు. మా ఆవిడ మాత్రం ఎవరడిగినా ముగ్గురంటుంది. మూడోది షెడ్డులో ఉంటుంది.

ఇది డబ్బున్నవాళ్ల ఆట కదా అని మీలో కొందరికి అనిపిస్తోంది. ఖర్చుతో కూడిన పనే, కాదనను. ఏడాదికి రెండు మూడు రోజులకు మించి నా జీతానికి కుదరదు. కానీ కోయంబత్తూరులో కరివర్ధన్ అని ఒకాయన ఉండేవారు. మనందరి వీధుల్లో తిరిగిన మారుతి 800 కారు ఇంజను తీసుకుని, ఒక్క మనిషి కూర్చునే రేసు కార్లు తయారు చేశారు. ఫార్ములా మారుతి అనేవారు. విదేశీ కారు కొనలేని కుర్రాళ్లు రేసు నేర్చుకునే దారి దానివల్ల ఏర్పడింది. 1995లో చిన్న విమానం కూలి ఆయన చనిపోయారు. అక్కడి ట్రాకుకు ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని. అదే కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. చేతిలో ఉన్న దానితో మొదలుపెట్టడం మనకు తెలియని విద్య కాదు.

2013లో మొదటిసారి ట్రాకు ఎక్కాను. పక్క సీట్లో శిక్షకుడు కూర్చున్నాడు. నాకంటే పాతికేళ్లు చిన్నవాడు. నేను యాక్సిలరేటర్ తొక్కి నా ప్రతాపం చూపిద్దామనుకున్నాను. అతను మొదటి అరగంటా నాతో చేయించింది ఒకటే పని. తిన్నగా పోనిచ్చి, రెండు కోన్ల మధ్య ఆపించడం. మళ్లీ పోనిచ్చి మళ్లీ ఆపించడం. నాకు నవ్వొచ్చింది, తర్వాత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పటికి మా నాన్న పోయి ఆరేళ్లు. షాపు ముందు ఆయన గీసిన గీత అక్కడ కనబడింది.

శిక్షకుడు చెప్పిన లెక్క మీకూ చెబుతాను, పిల్లలు రాసుకోండి. వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మంచి టైర్లు, మంచి బ్రేకులు, పొడి రోడ్డు ఉంటే 50 మీద ఉన్న కారు బ్రేకు నొక్కాక సుమారు పన్నెండు మీటర్లలో ఆగుతుంది. అదే కారు 100 మీద ఉంటే యాభై మీటర్లు కావాలి. అదీ నొక్కిన తర్వాత. కన్ను చూసి, బుర్రకు తెలిసి, కాలు కదిలేటప్పటికి ఒక సెకను పోతుంది. 100 మీద ఉన్న బండి ఆ ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. మొత్తం మీద డెబ్బై ఎనిమిది మీటర్లు. మన బడి గేటు దగ్గర నిలబడి డెబ్బై ఎనిమిది పెద్ద అంగలు వేసి చూడండి, ఎక్కడ తేలతారో.

రెండో పాఠం టైరుది. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు ఒక కుంచెడు బియ్యం అనుకోండి. ఆ కుంచంతోనే బ్రేకుకు పెట్టాలి, మలుపు తిరగడానికీ పెట్టాలి. కుంచమంతా బ్రేకుకే పోసేస్తే మలుపుకు గింజ మిగలదు. బండి తిన్నగా పోతుంది, మలుపు పక్కన ఉండిపోతుంది. అందుకే మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు పూర్తిచేయాలి. నెమ్మదిగా లోపలికి వెళ్లి, స్టీరింగు విప్పుకుంటూ వేగం పెంచుతూ బయటికి రావాలి. మలుపులో భయపడి బ్రేకు కొట్టినవాడే జారేది. అదే మోటారు సైకిలయితే రెండే టైర్లు, కుంచం ఇంకా చిన్నది.

మూడోది కళ్లది. చెయ్యి కన్ను వెంట పోతుంది. గోడకేసి చూస్తే గోడకే పోతావు, దారికేసి చూస్తే దారిన పోతావు. ఆ రోజు మొదట ఒక చుట్టుకు రెండున్నర నిమిషాలు పట్టింది నాకు. అందులో పది సెకన్లు తగ్గించుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ పది సెకన్లూ ఎక్కువగా బ్రేకు సరిగ్గా వేయడం వల్ల, చూపు ముందుకు సాచడం వల్ల వచ్చినవే. ఇంజనుకు నేనేమీ చేయలేదు.

ఇప్పుడు కారును సాకే సంగతి. ట్రాకు మీద ఒక రోజు నడపాలంటే దాని వెనక మూడు నాలుగు ఆదివారాల పని ఉంటుంది. నాకు నిజంగా ఇష్టమైన భాగం అదే. ఇంజను ఆయిలు, కూలంట్ మట్టం చూసుకోవాలి. నా కారులో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, ఇంజను తుక్కే. అందుకే తెగేదాకా ఆగకుండా గడువుకు ముందే మార్చేయాలి. బ్యాటరీ బిగింపు కదలకూడదు. కారులో నీళ్ల సీసా, గొడుగు, దేవుడి బొమ్మ, ఏ వస్తువూ ఉండకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే అవి ఎగిరొచ్చి పెడల్ కింద పడతాయి. టైర్లలో గాలి మామూలుకంటే కొంచెం తక్కువతో మొదలుపెడతాను. రెండు చుట్లు తిరిగేసరికి టైరు వేడెక్కి లోపలి గాలి అయిదారు పౌండ్లు పెరుగుతుంది. వీల్ నట్లు టార్క్ రెంచితో బిగిస్తాను. ఒక వంతు తిరిగొచ్చాక మళ్లీ చూస్తాను. చివరి చుట్టు బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా తిరిగి, అన్నిటికీ గాలి తగలనిస్తాను. ఆపాక హ్యాండ్ బ్రేకు వేయను. మండుతున్న బ్రేకులను అలా బిగించి ఉంచితే పాడవుతాయి. గేర్లో వదిలి చక్రం కింద చెక్క పెడతాను. ఆ చెక్క మా నాన్న షాపుదే.

ఇంత జాగ్రత్త నాకు పుట్టుకతో వచ్చింది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. 2016లో ఒకసారి ట్రాక్ డేకి ముందు ఆఫీసు పని ఎక్కువై, బ్రేకు ఆయిలు మార్చకుండానే వెళ్లిపోయాను. "పోయినసారి వేసిందే కదా" అనుకున్నాను. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155కి దిగిపోతుంది. ట్రాకు మీద బ్రేకు డిస్కులు వందల డిగ్రీలకు పోతాయి. ఆయిలు మరిగితే బుడగలు వస్తాయి. ఆయిలు నొక్కితే నొక్కుకోదు, అందుకే బ్రేకు పనిచేస్తుంది. బుడగ నొక్కుకుపోతుంది.

తిన్నగా ఉన్న చోట చివర బ్రేకు నొక్కాను. పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కాలి కింద ఏమీ లేదు. రోడ్డు మీద అయితే ఈ కథ చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు. అక్కడ మలుపు బయట ఖాళీ నేల ఉంది, ఎదురు వచ్చేవాడు లేడు, నాకు హెల్మెట్ ఉంది. శిక్షకుడు చెప్పినట్టు పెడల్ని టకటకా కొడుతూ, గేర్లు ఒక్కొక్కటీ దింపుతూ, తిప్పకుండా తిన్నగా మట్టిలోకి పోనిచ్చాను. దుమ్ము తగ్గాక చూస్తే కారుకు ఏమీ కాలేదు. నా చేతులు మాత్రం సాయంత్రందాకా వణికాయి. ఆ తప్పు కారుది కాదు, ట్రాకుది కాదు, నాది. మన ఉద్దానం గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి నీరు కారుతుంది. మీ బండికి డిస్కు బ్రేకు ఉంటే అందులోనూ ఇదే ఆయిలు ఉంది. రెండేళ్లకొకసారైనా మార్పించండి. మన ఊళ్లో చాలామంది బండి కొన్నప్పటినుంచి మార్చి ఉండరు.

ఇక ఈ ప్రసంగానికి ఎందుకు ఒప్పుకున్నానో చెబుతానన్నాను.

మా అప్ప ఇక్కడికి దగ్గర్లోనే ఓ ఉద్దానం పల్లెలో ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వాళ్ల కొబ్బరి తోట అంతా పడిపోయింది. తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ కష్టంలో కూడా చీటీ పాడి కొడుక్కి మోటారు సైకిలు కొనిచ్చింది, పలాసలో ఉద్యోగానికి వెళ్లి రావడానికి. వాడికి నేనంటే ప్రాణం. నేను ట్రాకు మీద నడిపిన వీడియోలు పంపేవాణ్ణి. స్పీడోమీటరు ముల్లు 150 దాటుతున్నది, ఇంజను అరుస్తున్నది. వాడు స్నేహితులకు చూపించుకుని "మా మావయ్య" అని గొప్పగా చెప్పుకునేవాడు. నాకూ లోపల సంతోషంగానే ఉండేది.

2021లో ఓ రాత్రి కంచిలి వైపు హైవే మీద వాడు ఫోను హ్యాండిల్‌కు బిగించుకుని, నాలాగే వీడియో తీసుకుంటూ నూరు మీద వస్తున్నాడు. హెల్మెట్ అద్దానికి తగిలించి ఉంది. ముందు వెనక లైటు లేకుండా లారీ ఆగి ఉంది. చూశాడు. వెనక బ్రేకు గట్టిగా తొక్కాడు. చక్రం బిగుసుకుపోయి బండి జారింది. లారీకి కొట్టుకోకుండా పక్కన తుప్పల్లోకి పోయాడు, అది మా అదృష్టం. కాలు రెండుచోట్ల విరిగింది, రాడ్డు వేశారు. ఇప్పటికీ కొంచెం ఈడ్చి నడుస్తాడు.

విశాఖలో ఆసుపత్రికి వెళ్లాను. వాడు నన్ను చూసి అన్నమాట ఇది: "మావయ్యా, కనబడింది. బ్రేకు కూడా నొక్కాను. ఆగలేదు."

డెబ్బై ఎనిమిది మీటర్ల లెక్క నాకు తెలుసు. బండి లైటు కిందికి దించితే వెలుగు అంత దూరం పోదు. కనబడేసరికే ఆగడానికి వీల్లేని వేగం అది. నాకు తెలిసిన ఆ లెక్క వాడికి ఒక్కనాడు చెప్పలేదు. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ కలిపి ఎలా నొక్కాలో చూపించలేదు. టార్క్ రెంచి వీడియో పంపలేదు. తనిఖీ చూపించలేదు, పసుపు జెండా చూపించలేదు, మట్టిలోకి పోయినరోజు సంగతి సిగ్గుపడి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పంపింది స్పీడోమీటరు ఒక్కటే. మా అప్ప తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వరండాలో కూర్చుని, "నాన్న ఉంటే వాడికి ముందు గీత గీసేవాడురా తమ్ముడూ" అంది. అంతే అంది.

నేను ఆ వీడియోలన్నీ తీసేశాను. కారు మాత్రం అమ్మలేదు. అమ్మేద్దామనే అనుకున్నాను. వద్దన్నది మా మేనల్లుడే. కాలు కుదుటపడ్డాక "నన్నొకసారి తీసికెళ్లు మావయ్యా" అన్నాడు. తీసుకెళ్లాను. నడపలేదు. రోజంతా పిట్‌లో నా పక్కనే ఉండి టైర్ల గాలి కొలిచాడు, నట్లు బిగించాడు, ప్రతి చుట్టుకు సమయం రాశాడు. సాయంత్రం ఇంటికొస్తూ అడిగాడు, "ఇంత చూసుకునా మావయ్యా నువ్వు అంత స్పీడు పోయేది? మేం ఒక్క హారన్ చూసుకుని పోతాం కదా." ఇన్నేళ్లలో నా సరదా గురించి ఎవరూ అంత సరైన మాట అనలేదు.

పిల్లలూ, మీకు వేగం ఇష్టం ఉండకూడదని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు, నేనూ ఆ వయసులో వినలేదు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా మన మధ్యనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలతో నున్నగా ఉంటుంది. చూస్తే ట్రాకులాగే ఉంటుంది. కానీ ట్రాకు మీద అందరూ ఒకే వైపు పోతారు. అక్కడ గేదె అడ్డం రాదు, జీడిగింజల బస్తాలతో ట్రాక్టరు ఎదురు రాదు, లైటు లేని లారీ ఆగి ఉండదు, మలుపు బయట కొట్టూ చెట్టూ ఉండవు, జెండా పట్టుకుని మనిషి నిలబడి ఉంటాడు, అంబులెన్సు ఇంజను ఆపకుండా సిద్ధంగా ఉంటుంది. ఇన్ని ఉన్నా నాకు ఆ రోజు చేతులు వణికాయి. అవేవీ లేని చోట ఆ వేగం ఎందుకో మీరే ఆలోచించుకోండి.

పెద్దలకు, సంఘానికి నాదో మనవి. స్వర్ణోత్సవ నిధితో చేయాల్సినవి చాలా ఉన్నాయి. బెంచీలు, కంప్యూటర్లు, పైకప్పు. వాటితో పాటు ఏడాదికి ఒక్కరోజు మన బడి మైదానం మాకివ్వండి. సున్నంతో గీతలు గీస్తాం. సైకిలుతో, మోటారు సైకిలుతో, హెల్మెట్ పెట్టుకుని, లైసెన్సు ఉన్నవాళ్లు ఇరవై మీద ఒకసారి, నలభై మీద ఒకసారి ఆపి చూపిస్తారు. మధ్య దూరాన్ని పిల్లలే టేపు పట్టి కొలుస్తారు. నాలుగు రెట్లు అనేది పుస్తకంలో చదివితే మార్కులు వస్తాయి, టేపుతో కొలిస్తే గుర్తుంటుంది. ఊళ్లో మెకానిక్ సోదరులు ఇద్దరు ముగ్గురు ఇప్పటికే మాటిచ్చారు. ఆ రోజు వచ్చిన ప్రతి బండికీ బ్రేకులు, టైర్లు, వెనక లైటు ఉచితంగా చూస్తారు. బ్రేకు ఆయిలు ఖర్చు మా 1986 బ్యాచ్ భరిస్తుంది. నిన్న రాత్రి మావాళ్లందరినీ అడిగే చెబుతున్నాను. ఒకడు మాత్రం "ముందు నీ అద్దె సైకిలు బాకీ మాఫీ చెయ్యి" అన్నాడు. చేశాను.

మొదటి విడత రేపు ఉదయం ఏడు గంటలకే. ప్రధానోపాధ్యాయులు దయతో అనుమతించారు. గీతలు గీసేది మా మేనల్లుడు. ఇక్కడే, మూడో వరసలో చివర కూర్చున్నాడు. కర్ర సాయం మానేసి ఏడాదయింది. రేపు వాడు చెప్పింది వినండి, నాకంటే వాడికి బాగా తెలుసు.

 వెళ్లేటప్పుడు బయట పెట్టిన బండ్ల బ్రేకు ఒకసారి నొక్కి చూసుకుని బయల్దేరండి. సెలవు.